అయిదు కాసుల గొలుసు, ఒక తెల్ల లెన్స్

గోదావరి జిల్లాల్లోని ఒక మండల కేంద్రం నుంచి పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆయన వయసు 34. నాన్నగారు పెట్టిన స్టూడియోనే నడుపుతున్నారు. ఏడాదికి పాతిక పెళ్లిళ్ల దాకా వస్తాయి. ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు వేరే. ఖర్చులన్నీ పోను నెలకు సగటున 35 వేలు మిగులుతోంది. కెమెరా క్యానన్ ఆర్6. దాంతోపాటు వచ్చిన 24-105 ఎఫ్/4-7.1 లెన్స్, ఒక 50 ఎఫ్/1.8, ఒక ఫ్లాష్ ఉన్నాయి. (లెన్స్ పేరులో ముందున్న అంకె మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరకు వస్తుంది; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది.) పోయిన మాఘమాసంలో ఒక పెద్ద పార్టీతో మాటలన్నీ అయిపోయాక పెళ్లికూతురి పెదనాన్న కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "మీ దగ్గర 70-200 ఎఫ్/2.8 ఉందా?" అని అడిగాడట. లేదనగానే క్యాండిడ్, అంటే జనానికి తెలియకుండా సహజంగా తీసే ఫోటోల పని మొత్తం రాజమండ్రి టీమ్‌కి వెళ్లిపోయింది. ఈయనకు ట్రెడిషనల్, అంటే నిలబెట్టి తీసే మామూలు ఫోటోల పని మిగిలింది. "వాళ్లు తెల్ల లెన్స్‌లు పట్టుకుని మండపం చుట్టూ తిరుగుతుంటే నా చేతిలో ఉన్నది పిల్లల బొమ్మలా అనిపించింది. ఆ రాత్రి సరిగ్గా పని చేయలేకపోయాను" అని రాశారు.

షాపులో కొత్త లెన్స్ ధర 2 లక్షల 30 వేలు చెప్పారు. భార్యకు పుట్టింటివారు పెట్టిన అయిదు కాసుల గొలుసు బ్యాంకులో పెట్టి కొందామని ఆలోచన. అడిగితే ఆమె "మీ ఇష్టం" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నాన్నగారేమో "నేను ముప్పై ఏళ్లు ఒక్క 50తో పెళ్లిళ్లు చేశాను, నీకెందుకురా అంత?" అంటున్నారు. ఫోటోగ్రఫీలో ఉన్న స్నేహితుడేమో ఆ 70-200తోపాటు 50 ఎఫ్/1.2 కూడా తీసుకోమని, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అదిరిపోతుందని ఎగదోస్తున్నాడు. ఉత్తరం చివర అడిగింది ఇది: "అంత ధర పెట్టిన లెన్స్ నిజంగా అంత పని చేస్తుందా, లేక కంపెనీలు మనల్ని బుట్టలో వేస్తున్నాయా? కొననా, మాననా?"

సమాధానం:

మీరు ఒకే ప్రశ్న అడిగాననుకుంటున్నారు గానీ ఉత్తరంలో నాలుగున్నాయి. ఆ లెన్స్ మీ ఫోటోలు మారుస్తుందా, ఆర్డర్లు తెస్తుందా, ఆ రాత్రి మండపంలో పడ్డ చిన్నతనం పోగొడుతుందా, దానికోసం మీ ఆవిడ గొలుసు తాకట్టు పెట్టవచ్చా. నాలుగూ కలిపి ఒక్క "కొను"తోనో "వద్దు"తోనో తేల్చేస్తే, ఏదో ఒకటి మీకు తర్వాత ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. విడివిడిగా చూద్దాం.

ముందు లెన్స్ సంగతి. ఇందులో మీ నాన్నగారి మాటకన్నా మీ అసంతృప్తికే ఎక్కువ ఆధారం ఉంది. మీ 24-105ని 105 దాకా జూమ్ చేస్తే ఎఫ్/7.1కి పడిపోతుంది. ఎఫ్ నంబర్ అంటే మీకు తెలిసిందే, ఫోకల్ లెంగ్త్‌ను ఆ అంకెతో భాగిస్తే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం వ్యాసం వస్తుంది. 105ని 7.1తో భాగిస్తే 15 మిల్లీమీటర్లు కూడా రాదు. రూపాయి బిళ్లకన్నా చిన్న సందులోంచి మీరు అర్ధరాత్రి ముహూర్తం తీస్తున్నారు. 70-200 ఎఫ్/2.8 లెన్స్‌లో 200 దగ్గర అదే రంధ్రం 71 మిల్లీమీటర్లు. సెన్సార్ మీద పడే వెలుతురు లెక్కన ఎఫ్/7.1కీ ఎఫ్/2.8కీ మధ్య తేడా ఆరు రెట్లకు పైనే. అంటే ఒకే మండపంలో, ఒకే షట్టర్ స్పీడ్‌తో మీరు ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ సున్నితత్వం) 12800 దాకా పెంచి గ్రెయిన్‌తో, అంటే ఫోటోలో పడే గరుకు చుక్కలతో కుస్తీ పడుతుంటే, పక్కవాడు 2000 దగ్గర ఉంటాడు. ఇది కంపెనీ ప్రచారం కాదు, మామూలు లెక్క.

కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఆర్6లో ఉన్నది మంచిదే. కానీ అది మీ చేతి వణుకును ఆపుతుందే తప్ప పెళ్లికొడుకు చేతిని ఆపదు. తలంబ్రాలు పోసేటప్పుడు దోసిలి, బియ్యం, నవ్వే మొహం అన్నీ కదులుతాయి. వాటిని నిలబెట్టాలంటే షట్టర్ స్పీడ్ 250కి పైన ఉండాలి. దానికి వెలుతురు కావాలి. ఫ్లాష్ ఉందిగా అంటే, తక్కువ సీలింగ్ ఉన్న ఇంట్లో పైకి కొట్టి బౌన్స్ చేయొచ్చు. ఫంక్షన్ హాల్లో సీలింగ్ ఎక్కడో ఉంటుంది, ఆరుబయట పందిట్లో అసలుండదు. దూరం నుంచి నేరుగా కొడితే మొహాలు చదునుగా, తెల్లగా వస్తాయి. అవే మీరు ఉత్తరంలో ఇంకోచోట "పాతకాలం ఫోటోలు" అని రాసినవి.

ఇంకో లాభం మన పెళ్లిళ్లకే ప్రత్యేకం. మండపం వెనక పూల డెకరేషన్ ఒక్కటే ఉండదు కదా. స్టాండు ఫ్యాను, ప్లాస్టిక్ కుర్చీల వరస, ఫోన్ ఎత్తిపట్టుకున్న మేనమామ, వీడియో లైటు పట్టుకున్న కుర్రాడు, అందరూ ఫ్రేములో ఉంటారు. 200 దగ్గర ఎఫ్/2.8 పెట్టి ఆరు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 15 సెంటీమీటర్లే. ఫ్యానూ కుర్చీలూ కరిగిపోతాయి. పురోహితుడి భుజం మీదుగా తొంగిచూడాల్సిన పనీ ఉండదు. దూరం నుంచి తీస్తున్నప్పుడు అమ్మాయి తల్లి కళ్లు తుడుచుకుంటే మీరున్నట్టు ఆవిడకు తెలియదు. మీ నుంచి పోయిన క్యాండిడ్ పనిలో సగం ఇదే.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. నేను చెప్పిన ఆరు రెట్ల తేడా మీ కిట్ లెన్స్‌తో పోలిస్తే వచ్చింది. ఎఫ్/4 లెన్స్‌తో పోలిస్తే ఎఫ్/2.8 ఇచ్చేది రెట్టింపు వెలుతురు, ఒక్క స్టాప్. ధరల పట్టికలో కింది మెట్టు నుంచి మధ్య మెట్టుకు ఎక్కితే ఫోటోలో తేడా మీ పార్టీలకు కూడా కనిపిస్తుంది. మధ్య నుంచి పైమెట్టుకు ఎక్కితే తేడా మీకు కనిపిస్తుంది. ఆపైన ఆన్‌లైన్ ఫోరమ్‌ల్లో వాదించుకునేవాళ్లకే కనిపిస్తుంది.

మీ స్నేహితుడు చెప్పిన 50 ఎఫ్/1.2 సరిగ్గా ఆ మూడో రకం. మీ దగ్గరున్న 50 ఎఫ్/1.8 ఆర్ఎఫ్‌దే (క్యానన్ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల కోసం చేసిన రకం) అయితే బరువు 160 గ్రాములు, లోపల ఆరు గాజుముక్కలు, 2020లో విడుదలైనప్పుడు అమెరికాలో ధర 199 డాలర్లు. 2018లో వచ్చిన ఎఫ్/1.2కి బరువు 950 గ్రాములు, గాజుముక్కలు పదిహేను, ధర 2,299 డాలర్లు. పదకొండున్నర రెట్లు డబ్బుకు వెలుతురు రెండుంపావు రెట్లు. అది బాగాలేదని కాదు. ఎఫ్/1.2 దగ్గర అంచుల దాకా అంత స్ఫుటంగా ఉండే 50లు తక్కువ, ఫోకస్ కూడా చీకట్లో తడుముకోదు. కానీ పెళ్లిలో ఎఫ్/1.2 ఎన్నిసార్లు వాడతారు? పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరి కన్ను మాత్రమే ఫోకస్‌లో ఉండే ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకటి బాగుంటుంది. ఆల్బమ్‌లో పది పెడితే "మా వాడి మొహం మసకగా వచ్చిందేంటి?" అని ఫోన్ వస్తుంది. గ్రూప్ ఫోటోలకు ఎలాగూ ఎఫ్/5.6కో 8కో వెళ్తారు. అక్కడ ఈ రెండు 50లతో తీసిన ఫోటోలను ఆల్బమ్‌లో పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పడం నాకూ కష్టమే. ఆ లెన్స్‌ను ఇప్పుడు మర్చిపోండి.

కంపెనీలు బుట్టలో వేస్తున్నాయా అన్నారు. పూర్తిగా కాదు. పెద్ద రంధ్రం కావాలంటే ముందున్న గాజు పెద్దదవ్వాలి. గాజు పెద్దదయ్యేకొద్దీ అంచుల్లో కిరణాలు దారి తప్పుతాయి, రంగులు విడిపోతాయి. వాటిని సరిచేయడానికి మరిన్ని గాజుముక్కలు, వాటిలో కొన్ని ప్రత్యేకమైనవి కావాలి. క్యానన్ 1969లోనే ఫ్లోరైట్ స్ఫటికంతో 300 ఎంఎం లెన్స్ చేసింది. ఆ స్ఫటికాన్ని ఫ్యాక్టరీలోనే పెంచాలి, అరగదీయడానికి మామూలు గాజుకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది, వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఎండలో వేడెక్కకుండా ఉండటానికే పెద్ద లెన్స్‌లకు తెల్లరంగు వేయడం మొదలైంది. మీరు మండపంలో చూసి కుంగిపోయిన ఆ తెలుపు ఎండకోసం వేసింది, రాత్రి పెళ్లిలో దానితో పనేమీ లేదు. ఇక ఆస్ఫెరికల్ గాజును, అంటే గోళంలా కాకుండా వేరే వంపుతో చేసే గాజును, 1960ల్లో చేత్తో అరగదీసేవారు. ఇప్పుడు అచ్చుల్లో పోస్తున్నారు కాబట్టే చవక లెన్స్‌ల్లోకి కూడా వచ్చింది. పూత లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర దాదాపు 4 శాతం వెలుతురును వెనక్కి కొట్టేస్తుంది. ఇరవై ముక్కలున్న లెన్స్‌లో మంచి పూతలు లేకపోతే సీరియల్ లైట్లు ఎదురుగా ఉన్నప్పుడు ఫోటో అంతా పాలుపోసినట్టయిపోతుంది. ఆ డబ్బులో కొంత ఈ పూతలకు, కొంత దుమ్మూ నీళ్లూ చొరకుండా పెట్టే రబ్బరు సీళ్లకు, కొంత మోటార్లకు, కొంత తక్కువ సంఖ్యలో అమ్ముడవడం వల్ల పోతుంది. మిగిలినది ఎర్ర గీతకు, అంటే క్యానన్ తన ఖరీదైన ఎల్ సిరీస్ లెన్స్‌ల చుట్టూ వేసే గుర్తుకు. అది ఎంతో వాళ్లు చెప్పరు.

ఒక ఉదాహరణ మాత్రం మీకు పనికొస్తుంది. క్యానన్ పాత ఈఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే కెమెరాకు లెన్స్ బిగించే అమరిక) 70-200 ఎఫ్/2.8 ఐఎస్ రెండో తరం 2010లో వచ్చింది. 2018లో మూడో తరం వచ్చింది. రెండింటిలోనూ గాజుల అమరిక ఒకటే, పూతలు మారాయి. అంటే ఎనిమిదేళ్ల తర్వాత కూడా కంపెనీకే ఆ గాజును మార్చాల్సిన అవసరం కనబడలేదు. ఈ మాట కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు లెన్స్ చేయలేని పనులు. ఎల్‌ఈడీ తెర వల్ల ఫోటోల్లో పడే అడ్డచారల్ని ఏ లెన్సూ తీయదు, అది షట్టర్ స్పీడ్‌తో సర్దుకోవాల్సిన సమస్య. ఒకవైపు పసుపు బల్బు, ఒకవైపు నీలం ఫోకస్ లైటు పడి చర్మం రంగు చెడితే తీయదు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో మీరు తప్పు వైపు నిలబడి ఉంటే అసలే తీయదు. మీ నాన్నగారి మాటలో నిజం ఇక్కడుంది. ఆయన కాలంలో ఫిల్ము రీలుకు 36 ఫోటోలే. ఎప్పుడు ఎక్కడ నిలబడాలో పురోహితుడి గొంతు బట్టే పోల్చుకునేవారు. ఆ విద్య కొనుక్కునేది కాదు. కాకపోతే ఆయన ఒక్క 50తో చేసిన పెళ్లిళ్లలో జనం ఫోటోగ్రాఫర్‌ని చూసి ఆగి, అటు తిరిగి, నిలబడేవారు. ఇప్పుడు ఎవరూ ఆగకుండా ఫోటో రావాలంటున్నారు. పని మారింది. ఆయనతో వాదించే బదులు ఒకసారి పెళ్లికి తీసుకెళ్లి మీ వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఎక్కడ నిలబడాలో ఆయన చెప్తారు.

ఆల్బమ్ సంగతి కూడా చూడండి. మీ ఆర్6 ఫోటో 5472 బై 3648 పిక్సెళ్లు. 12 బై 36 షీటులో సగం, అంటే 12 బై 18 అంగుళాల నిండా ఒకే ఫోటో వేసి 300 డీపీఐలో ప్రింట్ చేస్తే కావాల్సింది 5400 బై 3600. సరిగ్గా సరిపోయింది. అంటే ఖరీదైన లెన్స్ ఇచ్చే సన్నటి వివరం అంతా కనబడేది, సగం షీటు నిండా ఒక్క ఫోటో వేసిన పేజీల్లోనే. మీ ఆల్బమ్‌లో అలాంటి పేజీలు ఎన్ని? మిగతావన్నీ ఒక్కో షీటుకు ఆరేడు ఫోటోలు పేర్చినవే అయుంటాయి. వాట్సాప్‌లో పంపేవైతే మరీను. కాబట్టి "స్ఫుటంగా ఉంటుంది" అన్న కారణంతో మాత్రం కొనకండి. మీకు దొరికేది వెలుతురు, దూరం, వెనక గందరగోళం మాయమవడం. ఆ మూడూ చిన్న ఫోటోలో కూడా తెలుస్తాయి.

ఇక మీ ఫోటోలకు అది ఎంత అవసరమో మీ దగ్గరే లెక్క ఉంది. మీ ఫోటోలు సర్దుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో పోయిన సీజన్ పెళ్లిళ్లు తెరిచి, లైబ్రరీ ఫిల్టర్‌లో మెటాడేటా నొక్కితే లెన్స్, ఫోకల్ లెంగ్త్, ఐఎస్ఓ వారీగా ఫోటోలు విడిపోతాయి. తీసినవన్నీ కాదు, ఆల్బమ్‌కి పార్టీలు ఎంచుకున్నవి మాత్రమే చూడండి. 105 దగ్గర ఆగిపోయినవి, అంటే ఇంకా దగ్గరకు లాగాలని ఉండి లాగలేకపోయినవి ఎన్ని? ఐఎస్ఓ 6400 దాటినవి ఎన్ని? క్రాప్ చేసినవి ఎన్ని? మూడు పెళ్లిళ్లకు చూస్తే సరిపోతుంది. ఆ కుప్ప పెద్దదిగా ఉంటే మీ కోరిక అవసరమే. ఎక్కువ ఫోటోలు 24-50 మధ్యే ఉంటే మీకు కావాల్సింది 70-200 కాదు, పొట్టి జూమ్‌లో ఎఫ్/2.8. దానికి క్యానన్‌లోనే 2024లో 28-70 ఎఫ్/2.8 ఎస్‌టీఎం వచ్చింది. ఎల్ సిరీస్ కాదు, ఎర్ర గీత లేదు, 495 గ్రాములే, ధర ఎల్ సిరీస్ 24-70తో పోలిస్తే సగం చుట్టుపక్కల ఉంటుంది. సోనీ వాడేవాళ్లకైతే ట్యామ్రాన్, సిగ్మా లెన్స్‌లు ఈ ధరల్లో చాలా ఏళ్లుగా ఉన్నాయి. క్యానన్ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ వాళ్లకు అంత వెసులుబాటు లేకపోయింది. ఈ విషయంలో మీ కడుపుమంట న్యాయమే.

ఆర్డర్ పోయిన సంగతికి వస్తాను. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిన ఆ అబ్బాయికి 70-200 అంటే ఏమిటో ఎంత తెలుసో నాకు అనుమానమే. ఎక్కడో ఒక రీల్ చూసి ఉంటాడు, అలాంటి ఫోటోలు తమ చెల్లి పెళ్లికి కావాలనుకున్నాడు, ఆ కోరికకు అతనికి తెలిసిన పేరు ఆ అంకె. మీరు "లేదు" అనేసరికి మాట అక్కడే ముగిసింది. లెన్స్ ఉండుంటే ఆర్డర్ నిలబడేదా? బహుశా ఆ ఒక్కటి నిలబడేది. కానీ ఆ రాజమండ్రి టీమ్‌లో ఎంతమంది మనుషులున్నారు, వాళ్ల ఎడిటింగ్ ఎలా ఉంది, ఎన్ని రోజుల్లో ఫోటోలిచ్చారు అన్నవి కూడా పనిచేసే ఉంటాయి. అవేవీ మీ ఉత్తరంలో లేవు, లెన్స్ ఒక్కటే ఉంది. ఆ ముచ్చట మళ్లీ ఎవరైనా అడిగితే మీరు చూపించాల్సింది ఏరుకున్న ఇరవై ఫోటోలు కాదు, ఒక రాత్రి పెళ్లి మొత్తం ఆల్బమ్. అవసరమైతే "మీ పెళ్లికి ఆ లెన్స్ తెస్తాను" అనండి. అద్దెకు తెచ్చినా అది అబద్ధం కాదు, పెద్ద ఊళ్లలో టీమ్‌లు చాలావరకు చేసేది అదే.

అసలు కష్టం డబ్బుది. మీ లెక్క ప్రకారమే ఆ లెన్స్ మీ ఆరున్నర నెలల మిగులు. మీ పనిలో ఆదాయం నెలనెలా రాదు. మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాల్లో వస్తుంది. ఆషాఢంలో రాదు. శుక్ర మూఢమో గురు మూఢమో పడితే మంచి నెల కూడా ఖాళీయే. ఈఎంఐకి మాత్రం మూఢం లేదు. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ముహూర్తాలు లేని మూడు నెలల వాయిదాలు చేతిలో విడిగా ఉంచుకునే మొదలుపెట్టాలి.

గొలుసు పెడితే ఏమవుతుంది? బంగారు రుణం తేలిగ్గా దొరుకుతుంది, వడ్డీ బయటి అప్పుల వడ్డీకన్నా తక్కువ. పని బాగా నడిస్తే ఏడాదిన్నరలో విడిపించవచ్చు. నడవకపోతే వడ్డీ కట్టి రెన్యువల్ చేయిస్తూ పోతారు, ప్రతి శ్రావణ శుక్రవారం, ప్రతి పెళ్లిలో ఆమె మెడ వంక చూసినప్పుడల్లా ఆ లెన్స్ గుర్తొస్తుంది. అది పుట్టింటివారు పెట్టిన సొమ్ము, దాని మీద నిర్ణయం ఆమెది. "మీ ఇష్టం" అని లోపలికి వెళ్లిపోయిన మనిషి ఒప్పుకున్నట్టు లెక్కవేయకండి. మీరు ఆమెను అడిగింది గొలుసు ఇస్తావా అని. లెన్స్ ఎందుకు, ఎన్నాళ్లలో తిరిగొస్తుంది, రాకపోతే ఏం చేస్తాం అన్నది చెప్పారా? లైట్‌రూమ్‌లో తీసిన ఆ లెక్క పక్కన పెట్టుకుని ఇంకోసారి మాట్లాడండి. అప్పుడామె "వద్దు" అంటే ఆ మాట వినడానికి సిద్ధపడే మాట్లాడండి.

గొలుసు లేకుండా దారులున్నాయి. ముద్ర రుణం కిశోర్ విభాగంలో 50 వేల నుంచి 5 లక్షల దాకా హామీ లేకుండా ఇవ్వాలి. బ్యాంకు మేనేజర్‌ని బట్టి తిరగాల్సి వస్తుంది గానీ స్టూడియో మీ పేరున ఉండి, ఖాతాలో లావాదేవీలు కనిపిస్తుంటే ప్రయత్నించదగ్గదే. షాపువాళ్లు చెప్పే "నో కాస్ట్ ఈఎంఐ"లో ప్రాసెసింగ్ ఫీజు ఎంత, అదే వస్తువుకు నగదు ధర ఎంత అని తప్పక అడగండి, తేడా అక్కడే దాక్కుంటుంది. మీకు జీఎస్టీ నంబర్ లేకపోతే ఆ ధరలో ఉన్న పన్ను మీకు తిరిగి రాదు. ఎవరైనా "బిల్లు లేకుండా తక్కువకిస్తాను" అంటే అది గ్రే మార్కెట్ సరుకు అయుండొచ్చు. ఇండియాలో కంపెనీ వారంటీ ఉండదు, ఇంత ఖరీదైన దాని విషయంలో ఆ పొదుపు పొదుపు కాదు.

రెండో దారి సెకండ్‌హ్యాండ్. ఇందాక చెప్పిన ఈఎఫ్ 70-200 ఎఫ్/2.8 ఐఎస్ రెండో తరం మీ ఆర్6కి క్యానన్ అడాప్టర్‌తో ఎక్కుతుంది, ఆటోఫోకస్ చక్కగా పనిచేస్తుంది. కొత్త ఆర్ఎఫ్ ధరలో సగం లోపే దొరకొచ్చు. కష్టాలూ ఉన్నాయి. లెన్స్ ఒక్కటే కిలోన్నర బరువు, కొత్తది కిలో పైచిలుకే. తెల్లవారుజాము ముహూర్తానికి మీ మణికట్టు ఆ తేడా చెప్తుంది. పాత మోడల్ కాబట్టి విడిభాగాలు రానురాను కష్టమవుతాయి. పైగా మీది గోదావరి ప్రాంతం, గాలిలో తేమ ఎక్కువ, పాత లెన్స్‌ల్లో ఫంగస్ మామూలే. కొనేముందు వెనక మూత తీసి, అపర్చర్ తెరిచి, ఫోన్ టార్చ్ లోపలికి కొట్టి పక్క నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఎంత తక్కువ చెప్పినా వదిలేయండి. స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారని. 70, 135, 200 దగ్గర ఎఫ్/2.8లో గోడ మీద న్యూస్‌పేపర్ అంటించి తీసి, ఎడమ కుడి అంచులు రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఏ లెన్స్ కొన్నా సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బానో, వీలైతే డ్రై క్యాబినెటో తప్పదు. తేమ 40-50 శాతం మధ్య ఉంచాలి.

మూడో దారి మీరే ఉత్తరంలో ఒక మూల రాసి వదిలేశారు. రాజమండ్రిలో అదే లెన్స్ అద్దె రోజుకు 1500 అన్నారు. 2 లక్షల 30 వేలను 1500తో భాగిస్తే 153 రోజులు. ఏడాదికి పాతిక ముహూర్తాల రాత్రులకే తెచ్చుకుంటే ఆరేళ్లు. అద్దెలో చికాకులు లేకపోలేదు. డిపాజిట్ కట్టాలి, ఆధార్ ఇవ్వాలి, వెళ్లి తెచ్చి మళ్లీ ఇవ్వాలి, గీత పడితే గొడవ. అన్నిటికన్నా పెద్ద చిక్కు, గట్టి ముహూర్తం ఉన్న రోజున జిల్లాలో ప్రతివాడికీ అదే లెన్స్ కావాలి, మీకు దొరక్కపోవచ్చు. ముందే బుక్ చేసుకోవాలి, ఆ అద్దెను ప్యాకేజీలో కలపాలి. పార్టీ అందుకు ఒప్పుకుంటే మీ మార్కెట్ ఆ లెన్స్‌కు ధర కడుతోందని మీకే తెలుస్తుంది. ఎన్ని పార్టీలు అడిగినా ఎవరూ పైసా పెంచకపోతే అదీ తెలుస్తుంది.

నాలుగోది, పెద్దగా ఎవరూ చెప్పనిది. 85 ఎఫ్/2 లాంటి ఒక మధ్యరకం ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్, ఇంకో ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ఒక ట్రిగ్గర్, ఒక స్టాండు. మండపం మూల నుంచి ఒక ఫ్లాష్ పక్కకు పెట్టి కొడితే ఆ ఖర్చులో వచ్చే తేడా చాలా లెన్స్‌లు ఇవ్వలేవు. 85తో 200 అంత దూరం లాగలేరు, స్టాండును పిల్లలు తన్నేస్తారు, చూసుకోవడానికి అసిస్టెంట్ కావాలి. అయినా రిసెప్షన్లు, ఓణీల ఫంక్షన్లు ఎక్కువుండే మీలాంటివారికి ఇది నాకు నచ్చే దారి.

నా మొగ్గు అడిగితే: మీ 24-105ని అలాగే ఉంచి ఇంకో సీజన్ లాగడం మాత్రం సరికాదు, అది నిజంగానే మిమ్మల్ని వెనక్కి లాగుతోంది. కానీ కొత్త ఆర్ఎఫ్ లెన్స్ ఇప్పుడే, ఆ గొలుసుతోనే కొనాలన్న తొందర వెలుతురు లెక్క నుంచి రాలేదు. ఆ మాఘమాసం రాత్రి నుంచి వచ్చింది. ఆ చిన్నతనం మీకు లెన్స్ లేనందుకు కలిగిందా, మీ ఊరి పెళ్లిలో మీరు రెండో మనిషిగా నిలబడాల్సి వచ్చినందుకా? రెండోదైతే తెల్ల లెన్స్ చేతిలోకి వచ్చాక కూడా ఎవడో ఒకడు ఇంకా పెద్దది పట్టుకుని ఎదురవుతాడు.

ఆషాఢంలో అద్దె లెన్స్‌లు ఖాళీగా ఉంటాయి, బేరమూ కుదురుతుంది. రెండు రోజులకు తెచ్చుకోండి. ఒక సాయంత్రం మీ ఇంట్లోవాళ్లనే గుడికో గోదావరి గట్టుకో తీసుకెళ్లి, దీపాలు పెట్టే వేళ మీ 24-105తోనూ దానితోనూ అవే ఫోటోలు తీయండి. ఇంటికొచ్చాక ఏ లెన్స్‌దో చెప్పకుండా మీ ఆవిడకూ నాన్నగారికీ చూపించండి. శ్రావణం ముహూర్తాల అడ్వాన్సులు వచ్చేలోపు నిర్ణయం తీసుకోవడానికి టైమ్ ఉంటుంది. ఏం తేలిందో రాయండి, ఆ లైట్‌రూమ్ లెక్క కూడా పంపండి.